పెంకు పగల్లేదు

బోర్డు మీద తన ముఖం సరిగ్గా కనబడటం లేదని హనుమత్ప్రసాద్‌కు దిగులు పట్టుకుంది.

"ఇంకొంచెం పైకి లాగవయ్యా. ఎడమకి. ఆ పక్కవాడి జావా బోర్డు నా చెవిని మింగేసింది, కనపడట్లేదా?"

నిచ్చెన మీదున్న పనివాడు తాడు లాగాడు. అమీర్‌పేటలో మైత్రీవనం దాటాక వచ్చే ఆ సందులో భవనాలకు గోడలుండవు, బోర్డులే ఉంటాయి. జావా, ఒరాకిల్, అమెరికా యాసలో ఇంగ్లీషు, అన్నీ కలిపి నెలరోజుల్లో. ఆ వరుసలో మూడో అంతస్తు చక్రపాణిది. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి టేపులో చెప్పి పడేస్తే, దాన్ని ఇక్కడ విని టైపు చేసి పంపే ఉద్యోగాలకు పిల్లల్ని తయారు చేస్తానంటాడు. టైపు చేయాలంటే ఒంట్లో ఏది ఎక్కడుందో తెలియాలి కదా. అందుకే హనుమత్ప్రసాద్ ఉన్నాడు. చదివింది జంతుశాస్త్రం. చివరిసారిగా కోసింది కప్పను. బోర్డు మీద మాత్రం 'బ్రెయిన్ సార్'.

"ఇప్పుడు బాగుంది. చక్రపాణిగారూ, మీరొచ్చి చూడండి" అంటూ సరిగ్గా బోర్డు కింద నిలబడి తల పైకెత్తాడు బ్రెయిన్ సార్.

అప్పుడే తాడు జారింది. రేకు బోర్డు ఊయలలా ఊగి వచ్చి, ఇనుప చట్రం మూలతో ఆయన కుడి కణత మీద కొట్టింది. మెదడు గురించి ఊరందరికీ చెప్పే మనిషి మడతపెట్టిన గొడుగులా కూలిపోయాడు.

ఎవరో నీళ్లు తెచ్చి ముఖాన చల్లేసరికి కళ్లు తెరిచాడు. లేచి కూర్చున్నాడు. కణత తడుముకుని వేళ్లు చూసుకున్నాడు. రక్తం లేదు.

"పెంకు పగల్లేదు" అని నవ్వాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "బోర్డుకేం కాలేదు కదా?"

"ఏం కాలేదండీ" అన్నాడు చక్రపాణి, బోర్డును నిమురుతూ. "డెమో ఇంకో గంటలో ఉంది. చెప్పగలరా? హాలు నిండిపోయేలా ఉంది."

"చెప్పగలనా అంటారేంటండీ" అని బ్రెయిన్ సార్ జేబులోంచి దువ్వెన తీశాడు.

ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఇదంతా చూసింది సుకన్య. జనగామ పిల్ల. డిగ్రీ చేతికొచ్చాక లేడీస్ హాస్టల్లో దిగి, అమీర్‌పేట మొత్తాన్ని ఉచితంగా చదువుతోంది. ఇక్కడ ప్రతి సంస్థా చేరేముందు ఒక క్లాసు ఊరికే చెబుతుంది, దాన్ని డెమో అంటారు. ఒక డెమో చూసి డబ్బు కట్టేవాళ్లు కొందరుంటారు. డెమో తర్వాత డెమో చూస్తూ ఎక్కడా చేరనివాళ్లు కొందరుంటారు. వాళ్లకు సందంతా పెట్టిన పేరు డెమో బ్యాచ్. సుకన్య ఆ బ్యాచ్‌లో పెద్దతలకాయ. ఆమెతో కాలేజీలో చదివిన అనుదీప్ ఆమె తోక.

"పడ్డడుగా సారు" అన్నాడు అనుదీప్ టీ ఊదుకుంటూ.

"లేచిండు కదా."

"బోర్డుకు ఏమన్న అయిందేమోనని మస్తు ఫికర్ జేస్తుండు. పోదామా? ఆడ ఏసీ ఉంటది."

"పోకుంటె ఎట్ల. గుండె గా సందుల అయిపాయె, ఊపిరితిత్తులు సత్యం టాకీస్ దిక్కు అయిపాయె. మెదడు ఈడనే జెప్తడు. కిడ్నీలు ఒక్కటే మిగిలినయి. ఎవ్వడు జెప్తలేడు."

"కిడ్నీలల్ల డ్రామా ఏముంటదే."

మెదడులో డ్రామా ఉంది. దాంతోనే హనుమత్ప్రసాద్ బతుకుతున్నాడు. ఆయన డెమో సుకన్యకు కంఠతా వచ్చు. మొదట కొబ్బరికాయ. చిప్ప అంటే పుర్రె అంటాడు. తర్వాత మూడు పొరలు: గట్టిగా, తోలులా ఉండే డ్యూరా, సాలెగూడులా ఉండే అరక్నాయిడ్, మెదడునే అంటుకుని ఒక్క ముడతనూ వదలని పయా. సుకన్య తెలుగు మీడియంలో వరాశిక, లౌతికళ, మృద్వి అని బట్టీపట్టినవే అవి. సాలెగూడు దగ్గర ఒక జోకు ఉంటుంది: "మీరంతా చేరకముందు మా చక్రపాణిగారి గల్లాపెట్టెలో ఉండేది కూడా ఇదే." అందరూ నవ్వుతారు. చక్రపాణి కూడా నవ్వుతాడు, అది ఆయన డ్యూటీ.

అసలు సరుకు చివర్లో. 'మాట్లాడే శవం' అని దానికి పేరు. కణత దగ్గర ఎముక పల్చన. దాని లోపలి వైపున, ఎముకకూ డ్యూరాకూ మధ్య ఒక రక్తనాళం పాకుతుంది. అక్కడ దెబ్బ తగిలితే మనిషి పడిపోతాడు, వెంటనే లేస్తాడు, నవ్వుతాడు, టీ తాగుతాడు. లోపల రక్తం ఊరుతూ మెదడును పక్కకు తోస్తూ ఉంటుంది. కాసేపటికి తలనొప్పి, వాంతి, మగత, అంతే. ఇదంతా బ్రెయిన్ సార్ నటించి చూపిస్తాడు. ముందే చక్రపాణి వేసి ఉంచిన పరుపు ముక్క మీద కుడివైపుకు పడతాడు. హాలు చప్పట్లతో ఊగిపోతుంటే లేచి, టై సర్దుకుని, ఆఖరి డైలాగు చెబుతాడు: "అన్నీ నటించాను. ఒక్కటి మాత్రం ఏ నటుడికీ చేతకాదు. లోపల రక్తం నొక్కుతున్నప్పుడు ఒక కంటిపాప పెద్దదైపోతుంది, టార్చి వేసినా ముడుచుకోదు. అది చూస్తే నా కోసం చప్పట్లు కొట్టకండి, ఆటో పిలవండి."

ఇంత గొప్ప ముక్క చెప్పగల మనిషి, అదే కణత మీద అదే దెబ్బ తిని, దువ్వెన తీశాడు.

సుకన్యకూ అప్పుడేం తట్టలేదు. ఆమె ఆలోచనంతా చక్రపాణి కళ్లబడకుండా లోపలికి ఎలా దూరాలా అని. ఆయన గుమ్మం దగ్గరే పట్టుకున్నాడు.

"మళ్లీ వచ్చావా అమ్మా? మీకు సిగ్గుండదా? మా సారు డెమోకి నీకంటే ఎక్కువసార్లు వచ్చింది ఆ సీలింగ్ ఫ్యానొక్కటే."

"ఈసారి చేరుదామనే వచ్చిన సార్" అంది సుకన్య.

"పోయినసారీ అదే చెప్పావు. వెనకెక్కడైనా కూర్చో. కుర్చీలు ఫీజు కట్టేవాళ్లకి."

హాలు కిక్కిరిసి ఉంది. నిన్నటిదాకా పొలం లెక్కలు చూసిన డిగ్రీ పిల్లలు రేపటికల్లా డాలర్లు లెక్కపెట్టాలన్న ముఖాలతో కూర్చున్నారు. బ్రెయిన్ సార్ వేదిక ఎక్కాడు. కొబ్బరికాయ ఎత్తాడు.

"మెదడులో మూడు భాగాలు. ముందు మెదడు, మధ్య మెదడు, వెనుక మెదడు. ముందు మెదడు యజమాని. మిగిలినవి గుమాస్తాలు. యజమాని ఇంట్లో పెద్దగది మస్తిష్కం. రెండు అర్ధగోళాలు. కుడి అర్ధగోళం ఎడమ చేతిని ఆడిస్తుంది, ఎడమది కుడి చేతిని. దాని కింద థాలమస్, అది మన కోఠి బస్టాండు, ఎటు నుంచి ఏ కబురొచ్చినా అక్కడ దిగి బస్సు మారాల్సిందే. దానికింద హైపోథాలమస్, అది హాస్టల్ వంటవాడు. ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, అన్నీ వాడి చేతిలో."

బాగానే చెబుతున్నాడు. ఎన్నోసార్లు తొక్కిన దారి కాబట్టి కాళ్లు వాటంతటవే నడుస్తున్నాయి. తర్వాత పొరల దగ్గరికి వచ్చాడు. డ్యూరా అన్నాడు. అరక్నాయిడ్ అన్నాడు. పయా అన్నాడు.

వెనక వరుసలో సుకన్య తలెత్తింది. "జోకు మర్చిపోయిండు."

"మంచిదేగా" అన్నాడు అనుదీప్.

"లేదురా. సచ్చినా మర్చిపోడు గా జోకు."

బ్రెయిన్ సార్ నుదురు నొక్కుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "మెదడులో మూడు భాగాలు. ముందు మెదడు, మధ్య మెదడు..." ముందు వరుసవాళ్లు శ్రద్ధగా రెండోసారి రాసుకున్నారు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే తెలివి తక్కువనుకుంటారని చదువుకున్నవాళ్లకుండే భయం అలాంటిది. కొబ్బరికాయ ఎడమ చేతిలోంచి జారి దొర్లిపోయింది. ఆయన దాన్ని చూశాడు, తన చేతిని చూశాడు, రెండూ ఎవరివో అన్నట్టు.

"అబ్బ, తల" అన్నాడు మెల్లగా.

"మొదలైంది" అని ముందు వరుసలో ఒకడు పక్కవాడిని పొడిచాడు. "మాట్లాడే శవం. మా రూమ్మేట్ చెప్పిండు, మస్తుంటదంట."

బ్రెయిన్ సార్ బల్ల పక్కనున్న చెత్తబుట్ట మీదకు వంగి వాంతి చేసుకున్నాడు. నిజం వాంతి. మామూలుగా నోటితో చప్పుడు మాత్రమే చేస్తాడు. హాలంతా ముచ్చటపడిపోయింది. ఆయన రెండడుగులు వేసి, ఎడమవైపుకు ఒరిగి, బల్లకు తగులుకుని పడిపోయాడు.

చప్పట్లు. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు.

చక్రపాణి మైకు అందుకున్నాడు. "చూశారా? డెడికేషన్ అంటే ఇది. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనైనా ఇలాంటి ఫ్యాకల్టీ ఉన్నాడా? ఇవాళే చేరేవాళ్లకి ఫీజులో తగ్గింపు ఉంది..."

ఆయన కాళ్ల దగ్గర బ్రెయిన్ సార్ గురకలాంటి ఊపిరి తీస్తున్నాడు. తగ్గింపు వివరాలు సాగుతూనే ఉన్నాయి.

సుకన్య చూపు పరుపు ముక్క మీద ఉంది. అది వేదిక కుడివైపున, చక్కగా దులిపి, ఖాళీగా ఉంది. బోర్డు, కణత, నవ్వు, దువ్వెన, ఎడమ చేయి, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె తలలో వచ్చి నిలబడ్డాయి. కుర్చీలు నెట్టుకుంటూ వేదిక మీదకు పోయింది.

"ఏయ్, డెమో అమ్మాయ్, దిగు" అన్నాడు చక్రపాణి మైకుకు చేయి అడ్డం పెట్టి. "ఎఫెక్ట్ పాడుచేయకు. ఆయనే లేస్తాడు."

"లేవడు సార్. పొద్దుగాల బోర్డు తాకింది కదా."

"పెంకు పగల్లేదని ఆయనే చెప్పాడు. నీకంటే ఆయనకు తెలీదా?"

"తెలుసు. గదే నేననేది."

బల్ల మీద సార్ టార్చి ఉంది, ఆఖరి డైలాగు కోసం పెట్టుకున్నది. సుకన్య మోకాళ్ల మీద కూర్చుని ఎడమ కన్ను తెరిచి వెలుతురు వేసింది. పాప చిన్నగా ముడుచుకుంది. కుడి కన్ను తెరిచింది. పాప కొబ్బరికాయ కన్నంత నల్లగా, వెడల్పుగా ఉంది. వెలుతురు పడినా కదల్లేదు.

ఆమె టార్చి ఆర్పకుండానే హాలు వైపు తిరిగింది.

"జర ఇటు రాండ్రి, ముందు వరుసోళ్లు. రాసుకున్నది చాలు. చూడుండ్రి. ఈ కన్నొకతీరు, ఆ కన్నొకతీరు. ఏ నటునికి చేతగానిది ఇది ఒక్కటేనని సారు ప్రతిసారి జెప్తడు. ఇయ్యాల మీకు జెప్పేటందుకు లేవలే. ఇప్పుడు గూడ చప్పట్లు గొడ్తరా?"

ముందు వరుసవాడు తొంగి చూసి వెనక్కి జరిగాడు. హాలు చల్లబడింది.

"గ్లూకోజు పెడితే సరి" అన్నాడు చక్రపాణి. ఆయన ముఖం పాలిపోయింది గానీ బుద్ధి పాలిపోలేదు. "పొద్దున్నుంచి ఏం తినలేదాయన. కాసేపు లోపలి గదిలో పడుకోబెడదాం. ఇప్పుడు మెట్ల మీంచి మోసుకెళ్తే కింద జావావాడు చూస్తాడమ్మా. సాయంత్రానికల్లా సందంతా టాంటాం వేస్తాడు."

"లోపలి గదిల పండవెడితే సాయంత్రానికి వాడు దండ వట్టుకొని వస్తడు" అన్నాడు అనుదీప్. అతను అప్పటికే మూలనున్న, సారు బొమ్మ వేసిన పాత గుడ్డ బ్యానరు పరుస్తున్నాడు. బ్రెయిన్ సార్‌ను తల కదలకుండా పట్టుకుని పక్కకు తిప్పి దాని మీదకు చేర్చారు. ముందు వరుసవాళ్లు నలుగురు మూలలు పట్టారు. 'ఉచిత డెమో, త్వరపడండి' అన్న అక్షరాల మధ్య, తన ముఖం మీద తన ముఖం పెట్టుకుని, బ్రెయిన్ సార్ మూడంతస్తులు దిగాడు.

చక్రపాణి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "నేను వెనకే వస్తా. చేరేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నట్టున్నారు."

కింద ఆటో డ్రైవర్ సారయ్య బ్యానరులో మనిషిని చూసి అడ్డం తిరిగాడు. "తాగిండా? సీటు ఖరాబైతది."

"తాగలే. పాఠం జెప్పిండు" అంది సుకన్య. "పంజాగుట్ట పోనీ అన్నా, తలకాయ ఆపరేషన్లు జేసే దవాఖాన. ఎంత జల్దీ పోతె గంత."

"చౌరస్తల జామున్నది."

"నీ ఇంట్లోడైతె ఎటు పోతవో అటు పోనీ."

సారయ్య ఆమె ముఖం చూశాడు. మెయిన్ రోడ్డు వదిలి సందుల్లోకి దూరాడు. అపార్ట్‌మెంట్ల వెనక, చెత్తకుండీల పక్క నుంచి, ఎవరి పెళ్లికో రోడ్డు మీద వేసిన షామియానా గుంజల మధ్య నుంచి పోనిచ్చాడు. వంటమనిషి గరిటె ఎత్తి తిట్టాడు. సుకన్య సార్ తలను ఒక పక్కకు తిప్పి ఒడిలో పట్టుకుంది, వాంతి వస్తే గొంతుకు అడ్డం పడకుండా. ఊపిరి మధ్యలో ఆగినట్టై మళ్లీ వస్తోంది. ఆగినప్పుడల్లా అనుదీప్ కూడా ఊపిరి బిగబట్టాడు. జోకులు ఆపేశాడు.

ఆసుపత్రిలో డాక్టర్ వసుమతి రెండు కళ్లూ చూసి, ఒక్క క్షణం కూడా వృథా చేయకుండా స్కానింగుకు పంపింది. ట్రాలీ వెంట నడుస్తూనే అడిగింది. "దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"పొద్దుగాల మేడం. పడి లేచిండు. గంటసేపు మంచిగనే మాట్లాడిండు. తర్వాత జోకు మరిచిండు, ఎడమ చెయ్యి వట్టు దప్పింది, కక్కిండు, పడ్డడు."

డాక్టర్ ఆగి ఆమెను చూసింది. "ఇంత వరసగా ఎవరు చెప్పారు నీకు?"

"ఈయనే మేడం" అంది సుకన్య ట్రాలీ మీద మనిషిని చూపించి. "పోయిన సోమవారం. అంతకుముందు గురువారం సుత."

"మీరు బంధువులా?"

"డెమో బ్యాచ్ మేడం" అన్నాడు అనుదీప్.

దాని అర్థమేమిటో కనుక్కునే తీరిక డాక్టరుకు లేదు. తలుపులు మూసుకున్నాయి.

అవి తెరుచుకునేసరికి ఎండ దిగిపోయింది. డాక్టర్ వసుమతి మాస్కు కిందికి లాగింది. "బతుకుతాడు. ఇంకొంచెం ఆలస్యమైతే మాకు చేయడానికేం మిగిలేది కాదు. కణత ఎముక లోపల రక్తనాళం తెగింది. ఎముకకీ డ్యూరాకీ మధ్య రక్తం గడ్డకట్టి మెదడును పక్కకి తోసింది. ఎముక తెరిచి గడ్డ తీసేశాం. డ్యూరా చిరగలేదు. లోపల మెదడు చెక్కుచెదరలేదు. ఎలా ఉన్నది అలాగే ఉంది."

"అంటే పాతదే ఉన్నదన్నట్టు" అన్నాడు అనుదీప్. అతని కళ్లలో నీళ్లున్నాయి, అయినా అనకుండా ఉండలేకపోయాడు.

చక్రపాణి అప్పుడొచ్చాడు. ఒక చేతిలో బత్తాయిలు, పక్కన ఫొటోగ్రాఫర్.

కొన్నాళ్లకు సుకన్యకు కబురొచ్చింది, సారు చూడాలంటున్నారని. ఆసుపత్రి గదిలో హనుమత్ప్రసాద్ దిండుకు చేరగిలబడి ఉన్నాడు. తల సగం గొరిగి, ఆ సగానికి కట్టు. చక్రపాణి పక్కనే స్టూలు మీద ఉన్నాడు. సుకన్య ఒకటి ఊహించుకుని వచ్చింది. పెద్దగా ఏం కాదు, ఒక్క మాట.

బ్రెయిన్ సార్ ఆమెను దగ్గరకు పిలిచాడు. గొంతు నీరసంగా ఉంది.

"నిజం చెప్పమ్మా. నేను పడిపోయినప్పుడు చప్పట్లు కొట్టారా?"

సుకన్య ఆయన ముఖంలోకి చూసింది. హాస్యం కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"కొట్టిన్రు సార్. నిలబడి కొట్టిన్రు."

ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు. "గల్లాపెట్టె జోకు చెప్పానా?"

"లేదు సార్."

"అయ్యో" అన్నాడు. ఇంత జరిగాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

చక్రపాణి స్టూలు ముందుకు జరిపాడు. "చూడమ్మా, సారు డిశ్చార్జి కాగానే కొత్త డెమో. పేరు 'చచ్చి బతికిన బ్రెయిన్'. ఫొటోలు బాగా వచ్చాయి. సారు ఆ కుట్లు చూపిస్తూ పాఠం చెబుతారు. నువ్వు వేదికెక్కి, మా దగ్గర నేర్చుకున్న చదువుతోనే సారును కాపాడానని రెండు ముక్కలు చెప్పాలి. బదులుగా నీకు కోర్సు మొత్తం ఉచితం. ఇక వెనక కూర్చోనక్కర్లేదు."

సుకన్య వేళ్లు మడిచి లెక్క చూసుకుంది.

"కోర్సు మొత్తం అంటున్రు. కిడ్నీలు సుత జెప్తరా?"

చక్రపాణి హనుమత్ప్రసాద్ వైపు చూశాడు. హనుమత్ప్రసాద్ కిటికీ వైపు చూశాడు.

"కిడ్నీలు... వాటిని పిల్లలు పుస్తకంలో చదువుకుంటారు" అన్నాడు బ్రెయిన్ సార్.

"గట్లయితె నాకు బాకీ ఉన్నది అదొక్కటే సార్. నేను సుత పుస్తకంలనే చదువుకుంట. ఉంట మరి" అని సుకన్య లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "బోర్డు కింద నిలబడకుండ్రి" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి సోమవారం ఆమె, అనుదీప్ అదే టీ కొట్టు దగ్గర ఉన్నారు. ఎదురు భవనానికి కొత్త బోర్డు ఎక్కుతోంది, పాతదానికి రెండింతలు. దాని మీద బ్రెయిన్ సార్ ముఖం, కట్టుతో సహా. తాడు మళ్లీ పనివాడి చేతిలోనే. కింద, సరిగ్గా చట్రం మూలకు తిన్నగా, తలకు ఉన్ని టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు తల పైకెత్తి చేయి ఊపుతున్నాడు.

"కుడికి. ఇంకొంచెం కుడికి. కట్టు సరిగ్గా కనపడాలయ్యా."

సుకన్య గ్లాసు పెట్టేసింది. "ఓ సార్" అని అరిచింది రోడ్డు ఇవతలి నుంచి. "జరగుండ్రి."

ఆయన వినలేదు. చెవుల మీద టోపీ ఉంది. ఆమె ఒక తిట్టు నోట్లోనే నమిలి, ఆటోల మధ్య నుంచి రోడ్డు దాటడం మొదలుపెట్టింది.